వాసన పోయే ఉపాయాలు

సూరత్,
ఆగస్టు 3

వదినెకు వినోద దండాలు.

ఫోన్‌లో రాసి పంపొచ్చు కదా అని లాస్య అంటుంది. ఆ ఫోన్ నీ కోడలి చేతిలో ఉంటుంది. నేను రాయబోయేవి ఆమె చదివి, వాడకట్టంతా చెప్పి, మిగిలింది నీకు సైగ చేసే మాటలు కావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మేం బమ్రోలి గది ఖాళీ చేశాం. నీ తమ్ముడు పోయిన గదిలో ఆడపిల్లతో ఒక్కదాన్నే ఉండలేకపోయాను. లాస్య పనిచేసే ల్యాబ్ డాక్టరు భరద్వాజ్ గారు మన తెలుగువారే. ఆయన ఉండే సొసైటీలోనే మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు ఇప్పించారు. ఒక గది, ఒక హాలు, ఒక వంటిల్లు. నల్లా ఇంట్లోనే ఉంది, నీళ్లకు కొట్లాట లేదు. ఒక్కటే షరతు. మాంసం, చేప, గుడ్డు వండకూడదు. "వీళ్లు ముట్టరు, నాదీ పూచీ" అని డాక్టరుగారు సొసైటీ వాళ్లకు మాటిచ్చి సంతకం పెట్టారు. మేం పక్కన నిలబడి తలూపాం. ఆ తలూపినప్పుడు నాకేమీ కష్టంగా అనిపించలేదు. నీ తమ్ముడు పోయాక నాకు నోటి యావ కూడా పోయింది.

అయితే ఇక్కడ వెల్లుల్లి పోపు కూడా నేరమే వదినె. మా ఎదురు ఫ్లాటులో హంసాబెన్ అని సెక్రటరీ గారి భార్య ఉంటుంది. మేం వచ్చిన మూడో రోజు ఎల్లిపాయ కారం నూరి వేయించాను. బెల్లు మోగింది. "శానీ వాస్ ఆవే ఛే?" అంది, దేని వాసన వస్తోందని. కోపంగా కాదు, నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వుకే నాకు చెమట పట్టింది. వంటింటి కిటికీ మెట్ల మీదికి తెరుచుకుంటుంది. పొగ లాగే ఫ్యాను వేస్తే, ఆ గాలి అన్ని అంతస్తుల వంటిళ్లకూ కలిపి కట్టిన గూడులోకి పోతుంది. కిటికీ తెరిస్తే మెట్లకు, ఫ్యాను వేస్తే అందరి వంటిళ్లకు, రెండూ మూస్తే మా పక్కబట్టలకు. వాసన ఎటు పోవాలో నాకు అర్థం కావడం లేదు.

అసలు సంగతికి వస్తాను. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస వస్తోంది. ఆయనకు ఇది మొదటిది. ఆయన పేరున ఏం పెట్టాలో నువ్వే చెప్పాలి. ముద్దపప్పు, అన్నం, కొంచెం పరమాన్నం పెట్టి మొక్కితే సరిపోదా? ఈ ఇల్లు పోతే డాక్టరుగారి మాట పోతుంది. ఆయన మాట పోయాక లాస్యను ల్యాబ్‌లో ఎన్నాళ్లు ఉండనిస్తారో తెలియదు. మా ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క పనే.

నీ మరదలు,
వినోద


సిరిసిల్ల,
ఆగస్టు 11

వినోదకు,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గణపతికి ముద్దపప్పా? వాడు పెళ్లిపంతిలో కూర్చుని "పప్పే ఉన్నదా?" అని లేచిపోయినవాడు. ఎండు చేపలు, వంకాయ, పైన ఇంత చింతపండు పులుసు లేకపోతే వాడికి అన్నం అన్నమే కాదు. ఇది నాకంటే నీకే బాగా తెలుసు. పాతికేళ్లు వండిపెట్టినదానివి.

మన ఇంటి పద్ధతి కూడా మర్చిపోయినట్టున్నావు, చెప్తాను విను. పోయినవాళ్లకు నోరుండదు, చెయ్యి ఉండదు. వేడి కూర మీద నుంచి లేచే వాసనే వాళ్ల బువ్వ. అందుకే విస్తరి పెట్టి, దీపం ముట్టించి, తలుపు దగ్గరికేసి మనం అవతల కూర్చునేది. ముద్దపప్పుకు ఏం వాసన ఉంటుంది? అందులోనూ వాడు ఆ ఫ్లాటు ఎన్నడూ చూడలేదు. మూడో అంతస్తట, తలుపులన్నీ ఒక్క తీరే ఉంటాయేమో. ఏ తలుపు తనదో వాడికి ఎవరు చెప్తారు? చేపల పులుసు వాసన పట్టుకునే రావాలి. ఆ వాసన లేకపోతే వాడు బమ్రోలి సందుల్లోనే తిరుగుతుంటాడు.

నువ్వే పెట్టొచ్చు కదా వదినె అంటావేమో. ఆడబిడ్డ పెట్టింది చేరదు. పెళ్లామో బిడ్డో పెట్టాలి, వాడి ఇంటి పొయ్యి మీద వండి పెట్టాలి.

భయపడకు. అరగంట వాడికి, అరగంట నీ సొసైటీకి. వాడు తిన్నాక వాసన పోగొట్టడం నాకు వదిలెయ్. కూర దించగానే ఆ పొయ్యి మీదే నిమ్మతొక్కలు, నాలుగు లవంగాలు వేసి నీళ్లు మరిగించు. గిన్నెను శనగపిండితో తోమి, తర్వాత చింతపండుతో తోమి ఎండలో బోర్లించు. మూల మూలకూ గిన్నెలో సిర్కా, అదే వెనిగర్, పోసి పెట్టు. ఇక్కడ అంగడిలో అడిగితే సోడా పొడి కూడా మంచిదే అన్నారు, గట్టు మీద చల్లి తుడువు. చేతులకు కాఫీపొడి రుద్దుకో. చివరికి సాంబ్రాణి పొగ వెయ్, దాన్ని మించింది లేదు. అరగంటలో వాసన పోకపోతే నా పేరు ఊర్మిళే కాదు.

మా వాడకట్టు లింగమూర్తి మీ ఊరి పక్క సచిన్‌లో మిల్లుకు వస్తున్నాడు. వాడి చేతికి ఎండు చేపలు కట్టి ఇస్తున్నాను. మంచి సరుకు, ఇసుక లేదు. జాగ్రత్తగా దాచుకో.

ఊర్మిళ


సూరత్,
ఆగస్టు 24

వదినెకు దండాలు.

నువ్వు పంపిన మూట చేరింది. నాకంటే ముందు వాచ్‌మన్‌కు చేరింది, అదే బాధ. లింగమూర్తి గేటు దగ్గర నుంచి ఫోన్ చేసి "అక్కా, జల్ది కిందికి రా. గీయన ముక్కు మూస్కుంటున్నడు. ముసలామెకు రాసే మందు అని చెప్పిన" అన్నాడు. పరుగెత్తాను. నాలుగు సంచుల్లో కట్టావు సరే, వాసనకు ముడి వేయడం ఎవరి వల్లా కాదు కదా. లిఫ్టులో ఎక్కే ధైర్యం లేక మెట్లెక్కి తెచ్చుకున్నాను. ఒక స్టీలు డబ్బాలో పెట్టి, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టి, దాన్ని బియ్యం డ్రమ్ము అడుగున పూడ్చాను. ఇప్పుడు మేం ఏం తిన్నా చేపల అన్నమే.

పెత్రమాస నాడు తప్పు జరగకూడదని మొన్న బుధవారం ఒకసారి చేసి చూశాను. లాస్య ల్యాబ్‌కు పోయింది. హంసాబెన్ గుడికి పోయింది. రెండే రెండు ముక్కలు, ఒక వంకాయ. కూర ఉడికిందంతా పది నిమిషాలు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నేను చేసింది నువ్వు చెప్పిన వైద్యమే. నిమ్మతొక్కలు మరిగించాను. నిమ్మకాయ పిండిన చేపల వాసన వచ్చింది. సిర్కా గిన్నెలు పెట్టాను. కళ్లు మండాయి కానీ చేప కదల్లేదు. సోడా చల్లాను, శనగపిండితో తోమాను, కాఫీపొడి రుద్దుకున్నాను. కాసేపటికి ఇక నా ముక్కు కూడా నా మాట వినడం మానేసింది. వాసన ఉందో పోయిందో తెలియక, తలుపేసి రెండో అంతస్తు దాకా దిగి, మళ్లీ ఎక్కి వచ్చి వాసన చూసేదాన్ని. అట్లా ఆరుసార్లు దిగి ఎక్కాను. ప్రతిసారీ ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.

చివరికి నీ సాంబ్రాణి వేశాను. అప్పుడే హంసాబెన్ గుడి నుంచి వచ్చింది. పొగ చూసి "ఆజే కయో తహేవార్ ఛే?" అని అడిగింది, ఈ రోజు ఏం పండగని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాసన సంగతి అడగకముందే "ఇంట్లో దోమలు బెన్, దోమలు" అన్నాను. ఆమె ఎంతసేపు నిలబడాలో అంతసేపు నిలబడి వెళ్లింది.

లాస్యకు మెట్ల మీదే తెలిసిపోయిందట. లోపలికి వచ్చి చెప్పులు విప్పలేదు. తలుపు వెనక తగిలించిన తెల్లకోటు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. రేపు ల్యాబ్‌కు వేసుకుపోవాల్సిన కోటు అది. "మమ్మీ, పప్పా పోయిండు. ఇప్పుడు ఘర్ భీ పోవాల్నా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. తర్వాత పరదాలు, దిండు గలీబులు, నా చీరలు, ఆ కోటు అన్నీ నానబెట్టి రాత్రి పడుకునే దాకా ఉతుకుతూనే ఉంది. నేను వండిన ఆ రెండు ముక్కలు ఎవరమూ తినలేదు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నా బతుకు. కోపం చేయకు. ఈ ఒక్క ఏడు వదిలేద్దామా? వచ్చే ఏడు ఎట్లాగైనా ఊరికి వచ్చి అక్కడ పెడతాను. నువ్వు సరే అంటే నా గుండె మీద బరువు దిగుతుంది.

వినోద


సిరిసిల్ల,
సెప్టెంబర్ 2

వినోదకు,

సరే అనలేను.

ఎందుకో చెప్తాను. ఇది నా కొడుక్కు తెలియదు, కోడలికి తెలియదు. నువ్వు చదివి చించెయ్.

బట్ట నేసే సాంచాల షెడ్డులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆ మోతలో చెవులు ఏనాడు పోయాయో నాకే తెలియదు. నిరుడు దసరా నాటికి పూర్తిగా పోయాయి. వాడు పోయే దాకా ఎవరికీ చెప్పలేదు. చెవిటిది అంటారని సిగ్గు. ఎదురుగా ఉన్నవాళ్ల పెదవులు చూసి నెట్టుకొచ్చేదాన్ని. ఫోన్ వస్తే పెదవులు కనిపించవు కదా. "ఆ" అనేదాన్ని, "మంచిది" అనేదాన్ని, నవ్వేదాన్ని. అందరూ మంచి చెడ్డలు చెప్పుకోవడానికే చేస్తారు కాబట్టి గడిచిపోయేది.

డిసెంబర్‌లో గణపతి చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. వాడి గొంతు ఎక్కడో బావిలో ఉన్నట్టు గుయ్యిమంది తప్ప ఒక్క మాట అందలేదు. నేను "మంచిది తమ్మీ, మంచిది" అని నవ్వి పెట్టేశాను.

వాడు పోయాక జనవరిలో నువ్వు రాసిన ఉత్తరంలో ఉంది, వాడు నీతో అన్న మాట. "అక్కకు ఫోన్ చేసి చెప్పిన. నా పానం మంచిగ లేదు, ఒక్కపారి అచ్చి చూసిపో అన్న. మంచిదని నవ్విందే వినోదా" అన్నాడని రాశావు. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నేను చావుకు రానందుకు మోకాళ్ల నొప్పులని చెప్పాను. నొప్పులు లేవు, గిప్పులు లేవు. వాడి ముఖం చూసే ముఖం నాకు లేదు.

వాడు ఆకలిగా ఉన్నాడో, దూపగా ఉన్నాడో, నా మీద కోపంగా ఉన్నాడో నాకు తెలియదు. వాడికి ఒక్క పూట కడుపునిండా పెట్టిస్తే తప్ప నాకు నిద్ర రాదు. అదీ నా చేత్తో పెట్టడానికి లేదు, నీ చేతులు పట్టుకోవాలి. వాడు తినే దాకా నేనూ ఎండు చేప ముట్టనని మొక్కుకున్నాను. జనవరి నుంచి ముట్టలేదు.

ఉపాయాలు చెప్పేవాళ్లకు చేసేవాళ్లు లోకువ, నిజమే. అయినా ఇంకొకటి చెప్తాను. ఫ్లాటులో కాకపోతే బమ్రోలి పాత గదిలో పెట్టు. వాడు ఆఖరి ఊపిరి వదిలింది అక్కడే, ఆ పొయ్యి గట్టు కూడా వాడిదే. ఆ ఇంటి ఓనరును బతిమాలు. ఒక్క గంట చాలు.

ఊర్మిళ


సూరత్,
సెప్టెంబర్ 12

వదినెకు దండాలు.

నీ ఉత్తరం చదివాను. నీ మీద నాకు కోపం లేదు. ఆయనకూ ఉండదు. "మంచిదని నవ్విందే" అని చెప్పినప్పుడు ఆయన కూడా నవ్వుతూనే చెప్పాడు. ఈ మాట నీ మనసు తేలికపడాలని రాయడం లేదు, జరిగిందే రాస్తున్నాను.

చించెయ్ అన్నావు. నేను చించేలోపే లాస్య చూసింది. దానికి తెలుగు చదవడం సరిగా రాదు కదా, వేలు పెట్టి కూడబలుక్కుంటూ గంటసేపు చదివింది.

బమ్రోలి వెళ్లి వచ్చాను. ఇప్పుడు ఆ గదిలో ఒడిశా వాళ్లు ఉంటున్నారు. పన్నెండు మంది, పగటి పాళీ ఆరుగురు, రాత్రి పాళీ ఆరుగురు. నేను పోయేసరికి రాత్రి పాళీ వాళ్లు నేల మీద వరసగా పడుకుని ఉన్నారు. కాలు పెట్టే సందు లేదు. మన పొయ్యి గట్టు మీద కూర ఉడుకుతోంది. ఏం కూరో చెప్పనా? ఎండు చేపలు. వాళ్లకూ అవే ఇష్టమట. గది, గోడలు, సందు అంతా అదే వాసన. రోజూ వండుతారట.

వాళ్లు మంచివాళ్లు. విషయం చెప్తే "ఆ రోజు వండుకో మౌసీ" అన్నారు. కానీ విస్తరి పెట్టి తలుపు మూసి బయట కూర్చోవాలి కదా. నిద్రలో ఉన్న ఆరుగురిని లేపి రోడ్డు మీదికి ఎట్లా పంపేది? ఓనరును అడిగితే చావు పనులు తన గదిలో వద్దన్నాడు. వచ్చేశాను. బస్సులో ఒకటే ఆలోచన. ఆయన వాసన పట్టుకునే వచ్చేటట్టయితే రోజూ అక్కడికే పోతుంటాడు. వాళ్లెవరో, వాళ్ల మధ్య తన చోటు ఏదో తెలియక నిలబడి ఉంటాడు.

నిన్న లాస్య బట్టల మార్కెట్ నుంచి చీరల బేళ్లకు చుట్టే ప్లాస్టిక్ తెచ్చింది. పెద్ద చుట్ట. వంటింటి కిటికీ కొలిచి చూసుకుంది. "ఇంట్లోనే పెడదాం మమ్మీ" అంది. అంతే అంది.

నీ జవాబు వచ్చేసరికి పెత్రమాస అయిపోతుంది. మా కోసం మొక్కుకో.

వినోద


సూరత్,
సెప్టెంబర్ 23

వదినెకు దండాలు.

పెత్రమాస బాగా జరిగింది. ఆదివారం కాబట్టి లాస్య ఇంట్లోనే ఉంది. నువ్వు చెప్పినట్టే చేపలు, వంకాయ వండాను, పరమాన్నం కూడా పెట్టాను. తలుపు దగ్గరికేసి అరగంట కూర్చున్నాం. తర్వాత వాసన కూడా పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. నీ తమ్ముడు తిన్నాడు. నువ్వు ఇక మొక్కు విడిచి చేపలు తిను, కంటినిండా నిద్రపో.

పని ఉంది, మళ్లీ రాస్తాను.

వినోద


సిరిసిల్ల,
అక్టోబర్ 1

నా బంగారు మరదలికి,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ చేతిలోంచే లాక్కున్నాను. చదివి, మళ్లీ చదివి, బతుకమ్మ దగ్గరికి పోయి ఆడవాళ్లందరి మధ్యా ఏడ్చాను. దీనికేమైందని అందరూ చూశారు. చూడనీ.

ఆ రోజే ఎండు చేపల పులుసు వండుకున్నాను. తొమ్మిది నెలల తర్వాత. కోడలు మూడుసార్లు వడ్డించింది. తిని పడుకుంటే తెల్లారి పాలవాడు వచ్చే దాకా మెలకువ లేదు. వాడు తిన్నాడు కాబట్టే నాకు తిన్నది వంటబట్టింది.

నేను చెప్పలేదా, అరగంటలో పోతుందని? ఏది బాగా పనిచేసింది, నిమ్మతొక్కలా, సాంబ్రాణా? నువ్వు పిరికిదానివని ఇన్నాళ్లూ అనుకున్నాను. తప్పు నాదే. సొసైటీ నడిమధ్యలో కూర్చుని నా తమ్ముడికి బువ్వ పెట్టిన మొగోడివి నువ్వు.

కానీ పిసినారిలా నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావేంది? అన్నీ రాయి. ముందు ఏ ముక్క పెట్టావు? బల్లి పలికిందా? తలుపు తీసేసరికి విస్తరిలో ఏమైనా కదిలి ఉందా? దీపం నిలబడిందా? వాడు వచ్చినట్టు నీకు తెలిసిందా? ఒక్కటి కూడా వదలకుండా రాయి. నేను దగ్గరుండి పెట్టినట్టు చదువుకుంటాను.

నీ వదినె,
ఊర్మిళ


సూరత్,
అక్టోబర్ 12

వదినెకు,

నువ్వు అన్ని అడగకుండా ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. బల్లి పలికిందని, దీపం నిలబడిందని రాద్దామని కూర్చున్నాను. చేయి రాలేదు. నీకు అబద్ధం చెప్పి నీ మొక్కు విడిపించాను. ఆ పాపం నాదే, నీకు అంటదు.

ఆ రోజు పొద్దున్నే లాస్య వంటింటి కిటికీకి ప్లాస్టిక్ అంటించింది. ఫ్యాను రంధ్రానికి కూడా అంటించింది. పరదాలు తీసేసింది, బట్టలన్నీ సంచుల్లో కట్టింది, వీధి తలుపు కింద తడి తువ్వాల కుక్కింది. నేను వండాను. నెల దాటి బియ్యంలో ఉన్నా చేపలు చెడలేదు. కల్లు ఇక్కడ దొరకదు కాబట్టి నీళ్లతోనే నేల మీద సాక పోశాను. ఆయన ఫొటో ముందు విస్తరి వేసి, వేడి వేడిగా వడ్డించి, దీపం ముట్టించి, వంటింటి తలుపు దగ్గరికేసి హాల్లో కూర్చున్నాం.

ఎంత మూసినా వాసన తలుపు దాటి వచ్చింది. ఆ వాసనకు నాకు ఏడుపు ఆగలేదు. ఈ ఫ్లాటుకు వచ్చిన నాటి నుంచి ఇది మా ఇల్లు అనిపించింది ఆ కాసేపే. లాస్య నా భుజానికి ఆనుకుని "పప్పా అచ్చినట్టే ఉన్నది మమ్మీ" అంది. వచ్చాడు వదినె. నాకు తెలుసు. ఇప్పుడే చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని, కూర్చోబోతున్నట్టే ఉంది.

ఐదు నిమిషాలు కూడా అయి ఉండదు. బెల్లు మోగింది.

"లాస్యా బేటా" అని హంసాబెన్ గొంతు. లాస్య ముఖంలో నెత్తురు లేదు. "మమ్మీ" అంది. ఏం చేయమనీ చెప్పలేదు, నన్నేమీ అడగలేదు. దాని మీద ఏ తప్పూ పెట్టకు. లేచింది నేనే. వంటింటి తలుపు తోసింది నేనే. ఆయన తినడానికి కూర్చున్న విస్తరిని రెండు చేతులతో ఎత్తి లెట్రిన్‌లో పోసింది నేనే. కూర గిన్నె కూడా అందులోనే బోర్లించాను. ఫినాయిల్ సగం సీసా పోసి నీళ్లు వదిలాను. ఒక ముక్క పోలేదు, పైకి తేలింది. మళ్లీ వదిలాను. దీపం ఎప్పుడు ఆరిందో చూడలేదు. హాల్లో లాస్య "మమ్మీ నహాయ్ ఛే" అంటోంది, అమ్మ స్నానం చేస్తోందని. నేను సిర్కా పొయ్యి మీద కాచాను, గట్టు మీద ఫినాయిల్ కుమ్మరించాను, నా చేతుల మీద కూడా పోసుకున్నాను. అన్నీ ఒకేసారి చేస్తే నిజంగానే పోయింది వదినె. నువ్వు అడిగావు కదా, ఏది పనిచేసిందని. ఫినాయిల్ పనిచేసింది.

అప్పుడు తలుపు తీశాను. హంసాబెన్ చేతిలో వెండి గిన్నె ఉంది. ఆ రోజు వాళ్లకూ పెద్దల రోజేనట. పోయిన మామగారి పేరున దూధ్‌పాక్ చేసిందట, పాలు చిక్కగా కాచి, ఏలకులు, జాజికాయ వేసి చేస్తారు. ఇరుగుపొరుగుకు పంచుతోంది. ఆ నేతి వాసన, ఏలకుల వాసన కింది గేటు నుంచి పైకప్పు దాకా నిండి ఉంది. ఆ మధ్యాహ్నం ఏ ఇంట్లోనూ ఒక్క కిటికీ మూసి లేదు. వాళ్ల పెద్దాయన దారి తప్పే పనే లేదు.

ఆమె లోపలికి కూడా రాలేదు. గుమ్మంలోంచే గిన్నె ఇచ్చింది. మా ఇంట్లోకి తొంగి చూసి, ఫినాయిల్ వాసన పీల్చి, "ఘర్ ఏక్‌దమ్ చోఖ్ఖు రాఖే ఛే" అని నన్ను మెచ్చుకుంది, ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టుకుంటావో అని. మనసులో ఏమీ లేని మాటే అది. ఆమెను తిట్టుకుందామన్నా నాకు దొరకలేదు.

మళ్లీ వండడానికి చేపలు లేవు. ఆయన ఫొటో ముందు ఖాళీగా ఉంచలేక ఆ గిన్నె పెట్టాను. ఎవరో మామగారి పేరున వండిన పాలు. ఆయన తీపి ముట్టడని నీకు తెలుసు. పరమాన్నం పెట్టానని నీకు రాసింది ఇదే.

నీ తమ్ముడు వచ్చాడు, కూర్చున్నాడు, నేను విస్తరి ముందు నుంచి లాక్కున్నాను. పెట్టకుండా ఉండి ఉంటే బాగుండేది. పెట్టి లాక్కోవడం కంటే అన్యాయం లేదు. ఇప్పుడు ఏం చేస్తే దీనికి నివృత్తి ఉంటుందో చెప్పు. ఇంకోసారి పెట్టాలంటే ఏ తిథికి పెట్టాలి? ఎక్కడ పెట్టాలి? నేను పిలిస్తే ఇంకా వస్తాడా? నీకు అన్నీ తెలుసు కదా. చెప్పు వదినె, ఎంత కష్టమైనా చేస్తాను.

ఇంట్లో ఇప్పుడు ఏ వాసనా లేదు.

వినోద


సిరిసిల్ల,
అక్టోబర్ 24

వినోదకు,

ఇది నాలుగోసారి రాయడం. మొదటిసారి నిన్ను తిట్టి రాశాను. రెండోసారి ఆ గుజరాతీ ఆమెను తిట్టాను. మూడోసారి, ఏం కాదులే, ఐదు నిమిషాలైనా తిన్నాడు కదా అని రాశాను. అది నాకే అబద్ధంలా అనిపించింది. మూడూ చించేశాను.

మా వాడకట్టులో ముసలి నర్సవ్వ ఉంది, పెద్దల పనులన్నీ ఆమెనే అడుగుతారు. నీ పేరు చెప్పకుండా అడిగాను. పెట్టిన విస్తరి మధ్యలో లేపితే ఏం చేయాలని. ఆమె పెదవుల వంక చాలాసేపు చూశాను. ఆమె నన్ను పట్టుకుని కూర్చుంది.

ఏ తిథికి పెట్టాలని అడిగావు. నాకు తెలియదు. పిలిస్తే వస్తాడా అని అడిగావు. నాకు తెలియదు వినోదా. నీకు అన్నీ తెలుసు కదా అన్నావు. ఉపాయం చెప్పడం తప్ప నేను వాడికి ఏనాడూ ఏమీ చేయలేదు. ఇప్పుడు అది కూడా లేదు.

నీ చోట నేనే ఉండి, తలుపు అవతల ఆ గొంతు నాకు వినబడి ఉంటే, బిడ్డ ముఖం చూసి నేనూ లేచి పారబోసేదాన్నే. అది ఒక్కటి తెలుసు.

ఊర్మిళ